ముత్తాత ఎవరికి ముత్తాత?

నౌకాదళం పాత రికార్డుల ఆఫీసులో ఒకే ఫైలు కోసం ఇద్దరు ఒకేసారి చెయ్యి చాపారు.

"అది మా ముత్తాతది," అన్నాడు లిఫ్టు మెకానిక్.

"మా ముత్తాతది," అంది ఫిజియోథెరపిస్టు. ఆమె అతని కంటే బాగా పొట్టి. అయినా ఫైలు ఆమె చేతిలోనే ఉంది.

రికార్డుల మేడమ్ కళ్ళజోడు పైకి తోసుకుంది. "ఇద్దరూ ఒకే పేరు రాసిచ్చారు, ఇంటిపేరుతో సహా. ఆ పేరుతో ఉన్నది ఈ ఒక్క ఫైలే. పక్కపక్కన కూర్చుని చూసుకోండి. చిరిగితే ఇద్దరి మీదా కేసు పెడతాను."

కూర్చున్నారు. ముత్తాత ఓడలో బాయిలర్‌కి బొగ్గు వేసేవాడు. భార్య పేరు ఉండాల్సిన చోట మెకానిక్ అమ్మమ్మ వాళ్ళ అమ్మ పేరు ఉంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ముత్తాత క్షేమంగా తిరిగొచ్చి, పింఛను కూడా తీసుకున్నాడు.

"మా అమ్మమ్మ దగ్గరికి రాలేదు," అంది ఆమె.

"మా అమ్మమ్మ దగ్గరికి వచ్చాడు," అన్నాడతను. అన్నాక, అనకుండా ఉంటే బాగుండేదనిపించింది.

ఆమె ఫైలు మూసేసింది. "రెండు రేవుల్లో రెండు కాపురాలు పెట్టి ఉంటాడు. రెండోది ఫైల్లో ఎవరు రాయించుకుంటారు? అంటే మీ అమ్మమ్మా మా అమ్మమ్మా ఒక తండ్రి బిడ్డలు. మన అమ్మలు అక్కచెల్లెళ్ళవుతారు."

"అయితే?"

"అయితే మీరు నాకు అన్నయ్య."

లిఫ్టులో ఇరుక్కుపోయిన జనం అతన్ని చాలా మాటలే అన్నారు. ఏదీ ఇంత గట్టిగా తగల్లేదు.

ఆ తర్వాత కూడా శనివారాలు కలుస్తూనే ఉన్నారు. జిరాక్సులు ఇచ్చిపుచ్చుకోవాలి కదా. జిరాక్సులు అయిపోయినా కలిశారు. ఒకసారి వాన పట్టుకుంది. ఉన్నది ఒక్క గొడుగు. అన్నాచెల్లెళ్ళకి తగ్గ దూరం పాటించడంతో ఇద్దరూ చెరో పక్క తడిశారు.

"మీ అమ్మమ్మనే అడుగుదాం," అన్నాడతను.

"ఏమని? మీ నాన్న బతికే తిరిగొచ్చాడు, మీ ఇంటికి రాలేదంతే అనా? ఆమె పుట్టకముందు వెళ్ళిన మనిషి. వదిలేసి పోయాడని ఊరంతా అంటే, కాదని ఇన్నేళ్ళూ పోట్లాడుతూనే ఉంది." ఆమె నడక ఆపింది. "మిమ్మల్ని అన్నయ్యా అనడం నాకు మాత్రం సరదానా?"

అతను గొడుగు మొత్తం ఆమె వైపు వంచేశాడు.

చివరికి వెళ్ళారు. పడకకుర్చీలో అమ్మమ్మ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"మీ నాన్న ఎలా ఉండేవారని మీ అమ్మగారు చెప్పేవారు, అమ్మమ్మ గారూ?" అని అడిగాడతను.

"తన భుజం దాకా వచ్చేవాడనేది. ఎత్తు చెప్పులు వేసుకోనని అమ్మ చేత ఒట్టు వేయించుకున్నాడట."

ఫైల్లో మనిషి ఆరడుగులు. మెకానిక్ ముఖం విప్పారింది. మనవరాలి ముఖమూ అంతే.

"అయితే మా నాన్న సంగతి ఏం తెలిసింది?" అంది అమ్మమ్మ.

ఇద్దరూ నవ్వు మింగేశారు.

మర్నాడు అతను సెలవు పెట్టి రికార్డుల ఆఫీసుకు వెళ్ళాడు. "ఎత్తుని బట్టి వెతకడానికి వీలుంటుందా మేడమ్?"

"ఇది బట్టల కొట్టు కాదు."

అయినా, పేరు తప్పుగా రాసిన ఫైళ్ళన్నీ ఆవిడే ఒక్కో కట్టగా తెచ్చి పడేసింది. సెలవులన్నీ అయిపోయాక జీతం లేని సెలవు మొదలైంది. ఒక మధ్యాహ్నం, ఇంటిపేరులో ఒక అక్షరం పోయిన ఫైలు కనబడింది. నౌకాదళానికి సరుకులు మోసే ఓడలో వంటవాడు. ఐదడుగులు. భార్య పేరు ఉంది.

అతను ఆ పేరు చదివి వినిపిస్తే, అమ్మమ్మ కాగితం తీసుకుని దాని మీద వేలు పెట్టింది. "మా అమ్మే."

"యుద్ధం మొదట్లోనే ఓడ మునిగిపోయిందండీ. అందులో ఎవరూ మిగల్లేదు."

"అయితే రాలేకపోయాడు."

"రాలేకపోయారు."

"రాకుండా ఉండిపోలేదు," అని ఆమె తనలో తాను అనుకుంది.

తర్వాత ఆమె కళ్ళు తుడుచుకుని అతని వైపు తిరిగింది. "ఈ అబ్బాయి మనకి వరసకి ఏమవుతాడు?"

"ఏమీ కాడు అమ్మమ్మా," అంది మనవరాలు. అంత సంతోషంగా ఆ మాట ఎవరూ అని ఉండరు.

"ఏమీ కానివాడు జీతం వదులుకుని మా నాన్నని వెతికాడా?"

"మీ మనవరాలంటే నాకు ఇష్టమండీ," అన్నాడతను. "మీ నాన్నగారిని మాత్రం ఆయన కోసమే వెతికాను."

అమ్మమ్మ మళ్ళీ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. "మనిషి మరీ పొడుగు."

"తగ్గడం కుదరదండీ."

"సర్దుకుంటాంలే. ఆదివారం మీ అమ్మానాన్నలని తీసుకురా."

మనవరాలు వంటగదిలోకి వెళ్ళింది. అక్కడినుంచి మొట్టమొదటిసారి అతన్ని పేరు పెట్టి పిలిచింది, కాఫీలో చక్కెర ఎంత వెయ్యాలో అడగడానికి.