వెనకగది తలుపు

తెల్లవారుజామున నమాజుకు ముందు నజీమా బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. ఇంట్లో మిగతావాళ్ళంతా పెరట్లో పంపు దగ్గరే కూర్చుని కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుంటారు. ఆవిడ మాత్రం కొన్నేళ్ళుగా తలుపేసుకునే కాళ్ళు కడుక్కుంటోంది. ఎడమకాలు చీలమండ ఎక్కడుందో తెలియకుండా ఉబ్బిపోయింది. వేళ్ళ సందుల్లో తడి పాత నూలుగుడ్డతో ఒత్తుకుని, కుచ్చిళ్ళు నేలకి జీరాడేలా దించుకుని బయటికొచ్చింది.

"ఇంతసేపా అత్తయ్యా! ట్యాంకులో నీళ్ళు మాకేమన్నా మిగిల్చారా?" అంది కోడలు సబీహా, టీ గ్లాసు అందిస్తూ. "ఆదివారం మీరు ఆకుపచ్చ చీర కట్టుకోవాలి. ఇస్త్రీకి ఇచ్చేశా."

ఆదివారం హనుమాన్ జంక్షన్ నుంచి పెళ్ళికొడుకు ఇష్తియాక్ వాళ్ళ ఆడవాళ్ళు వస్తున్నారు. మనవరాలు అఫ్సాకి గోరింట పెట్టే రోజు. వాళ్ళ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. పెళ్ళికూతురి కంటే ముందు పిల్ల ఇంటి పెద్దావిడ పాదానికి గోరింట చుక్క పెడతారు. ఆ మాట విన్నప్పటినుంచీ నజీమాకి ముద్ద దిగడం లేదు.

"ఆదివారం నేనుండనమ్మా. కంకిపాడు వెళ్తాను. తమ్ముడికి ఒంట్లో బాగాలేదట."

"ఆయన నిన్ననేగా ఫోన్ చేసి చేపల పులుసు లాగించానని చెప్పాడు!"

"రాత్రికి రాత్రే వచ్చిందిలే జ్వరం," అంది నజీమా గ్లాసులోకి చూస్తూ.

ఆవిడ పుట్టిల్లు కంకిపాడు దాటాక కాలవ గట్టు మీది పల్లె. గట్టు పక్కన మురుగు నిలిచిపోయేది. పొద్దుగూకితే చాలు, దోమలు జుమ్మని లేచేవి. పిడకల పొగలో కూర్చుని అన్నాలు తినేవాళ్ళు. ఆ వీధిలో ఇంటికొక బోదకాలు. "కాలవ గట్టు పిల్లా?" అని ముఖం చిట్లించేవాళ్ళు సంబంధాలవాళ్ళు. వచ్చినా, అలికిన నేల మీద పిల్లని తడికాళ్ళతో నడిపించి పాదాల అచ్చులు చూసేవాళ్ళు. నజీమానీ అలాగే నడిపించారు.

వాళ్ళమ్మది బోదకాలు. నలుగురూ చూస్తారని రేవుకి వెళ్ళడం మానేసింది. కాలికి గుడ్డ చుట్టి, దాన్ని విప్పడానిక్కూడా సిగ్గుపడేది. చలిజ్వరం వచ్చి వణికినప్పుడల్లా కాలు ఇంకాస్త పెరిగేది. కూతురి నిఖా రోజున వెనకగదిలో కూర్చుని తలుపు దగ్గరికి లాక్కుంది.

"నన్ను చూస్తే పీటల మీద నుంచి లేచిపోతారే. నీకు అడ్డం రాకూడదు," అంది.

అద్దెకారు ఎక్కుతూ నజీమా వెనక్కి తిరిగి చూస్తే, తలుపు సందులో అమ్మ వేళ్ళు మాత్రమే కనిపించాయి. ఆ పై వానాకాలం దాటకుండానే అమ్మ పోయింది. ఇన్నేళ్ళుగా ఎవరు ఊరికి బయల్దేరినా నజీమాకి ఆ తలుపు సందే కళ్ళముందు ఆడుతుంది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర కొడుకు కరిముల్లా కంచం పక్కకి నెట్టాడు.

"మామయ్యకి ఫోన్ చేశానమ్మా. పొలంలో ఉన్నాడు. గుండ్రాయిలా ఉన్నాడు. నీకేం కష్టమొచ్చింది? ఎవరేమన్నారు?"

"ఎవరేమంటార్రా నన్ను?"

"ఇంకెవరు, నేనేనంటారు!" సబీహా పైటకొంగుతో కళ్ళు తుడుచుకుంది. "కూతురి పెళ్ళికి అత్తని గెంటేసిందంటారు. ఇన్నేళ్ళు మీ ఇంట్లో చేసిన చాకిరీకి ఈ మాట మిగిల్చిపోతారా అత్తయ్యా?"

ఆ మాట నజీమాకి ముల్లులా గుచ్చుకుంది. తను తలుపేసుకుంటే నింద ఈ పిల్ల మీద పడుతుందన్న ఆలోచనే రాలేదు. మెల్లగా కుచ్చిళ్ళు పైకి తీసింది.

కరిముల్లా తల దించుకున్నాడు.

"అయ్యో, వాళ్ళు చూస్తే పిల్లకీ వస్తుందంటారేమో..." అనేసి సబీహా చేత్తో నోరు మూసుకుంది.

"అందుకేనమ్మా వెళ్తానన్నది," అంది నజీమా.

"నువ్వు లేకపోతే నాకు గోరింటే వద్దు!" అఫ్సా నానమ్మ కాళ్ళ దగ్గర చతికిలబడింది. "రేపే డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. నాకింకేం చెప్పకు."

అప్పటిదాకా మజ్జిగ కలుపుకుంటున్న కాశిం, నజీమా పెనిమిటి, చెయ్యి ఆపాడు. "తలుపేసుకుని కాళ్ళు కడుక్కోవడం నాకు తెలీదనుకున్నావా?"

"తెలిసీ ఊరుకున్నారా!"

"నువ్వే చెప్తావని చూశా. చెప్తే నెత్తిన పెట్టుకుని తీసుకెళ్ళేవాణ్ణి. ఊరూరా తిరిగి పరుపులమ్మిన రోజుల్లో మూటలు మోసిన నెత్తే కదా ఇది."

ఏడుస్తున్న సబీహా కూడా ఫక్కున నవ్వింది.

మర్నాడు బెంజ్ సర్కిల్ దగ్గరి డాక్టరమ్మ కాలు పట్టుకుని, వేళ్ళ సందులు విడదీసి చూసింది. రక్తపరీక్షకి రాసింది.

"ఇది రక్తసంబంధంతో వచ్చేది కాదండీ. దోమలతో వస్తుంది. మురుగు నిలిచే చోట ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళకి ఎక్కువ. పుట్టింట కుట్టిన దోమ ఫలితం కూడా ఇప్పుడు బయటపడొచ్చు. ముట్టుకుంటే రాదు, వంశంలో దిగదు."

"ఇది రాకుండా ప్రతి ఏడూ ఇంటింటికీ మాత్రలిస్తారు చూడండి, మేం కిటికీలో పెట్టేస్తాం," అంది అఫ్సా.

"కిటికీకి బోదకాలు రాదమ్మా. వాళ్ళ ముందే మింగాలి." డాక్టరమ్మ నజీమా వైపు తిరిగింది. "వచ్చిన వాపు మొత్తం పోకపోవచ్చు. కానీ పెరగకుండా చూసుకోవచ్చు. రోజుకెన్నిసార్లు కడుగుతారు కాలు?"

"నమాజుకి ఐదుసార్లు కడిగి తుడుచుకుంటానమ్మా."

"అదే మిమ్మల్ని కాపాడింది. శుభ్రంగా, పొడిగా ఉంచుకుంటే పుండ్లు పడవు, జ్వరాలు రావు. దాచుకుని కడగనివాళ్ళకే ముదురుతుంది."

నజీమా ఇంకేమీ వినలేదు. గుడ్డ చుట్టుకున్న అమ్మ కాలు గుర్తొచ్చింది. రేవులో అందరితో పాటు కడుక్కుని ఉంటే! అమ్మని తినేసింది దోమ ఒక్కటే కాదు, ఆ సిగ్గు కూడా. ఆటో ఎక్కాక అఫ్సా భుజం మీద వాలి పసిపిల్లలా ఏడ్చింది.

ఆదివారం హాలంతా అత్తరు వాసన. ఇష్తియాక్ మేనత్త గోరింట గిన్నె పట్టుకుని, "పెద్దావిడ ఏరీ?" అంది. నజీమా గుమ్మంలోనే ఆగిపోయింది. ఆకుపచ్చ చీర కుచ్చిళ్ళని చేతులు గట్టిగా పట్టుకున్నాయి.

సబీహా వచ్చి అత్త చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. తను నేల మీద కూర్చుని, అందరి ముందూ ఆ ఎడమకాలు ఒళ్ళోకి తీసుకుంది.

"మా అత్తయ్యకి బోదకాలండీ. దోమలతో వచ్చింది. ఎవరికీ అంటుకోదు. మందు వాడుతున్నాం," అంది అందరికీ వినపడేలా. "ఇక్కడ పెట్టండి చుక్క."

మేనత్త ఆ కాలు కాసేపు చూసింది. తర్వాత మోకాళ్ళ మీద వంగి, బొటనవేలి గోరు మీద చుక్క పెట్టింది. లేస్తూ నజీమా చెవి దగ్గర, "ఏ డాక్టరు వదినా? మా అక్క రెండేళ్ళుగా పెళ్ళిళ్ళకి రావడం మానేసింది. ఈరోజు కూడా రాలేదు," అంది.

నజీమా ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నేను తీసుకెళ్తాను. పెళ్ళికి మాత్రం ఆవిడ ముందు వరసలో కూర్చోవాలి."

గోరింట చల్లగా తగిలింది. నజీమా కళ్ళు హాలు చివర దగ్గరగా వేసి ఉన్న గది తలుపు మీదికి పోయాయి.

"అఫ్సా, ఆ వెనకగది తలుపు తెరువమ్మా."

"ఎవరున్నారు నానమ్మా అక్కడ?"

"ఎవరూ లేరులే. అయినా బార్లా తెరిచి పెట్టు."