చప్పుడు లేని చదువు

పొద్దున్నే పాలు పొంగకముందే తిరుపతమ్మ మొదలుపెట్టింది. "మధూ, పాప గదిలోంచి ఉలుకూ పలుకూ ల్యా. పండుకుందేమో సూడుపో."

"చదువుతాంది అత్తా," అంది మధులత చట్నీకి శనక్కాయ గింజలు వేయిస్తూ. అనైతే అంది గానీ, స్టవ్ తగ్గించి వెళ్ళి, తలుపు సందులోంచి కూతుర్ని తొంగి చూసి వచ్చింది.

ఎర్రగుంట్లలో ఉన్నన్నాళ్ళూ ఈ బాధ లేదు. సాహితి పాఠం ఎత్తుకుందంటే వీధి చివరి దాకా వినపడేది. మధులత వంటింట్లోంచే చదువు నడిపించేది. గొంతు తగ్గితే "ఊఁ!" అనేది, ఆగితే గరిటెతో సహా వచ్చేది. పక్కింటి జీవమ్మ బట్టలుతుకుతూనే మొక్క భాగాలన్నీ ఇంగ్లీషులో నేర్చేసుకుంది. ఐదో తరగతి దాకా ఫస్టు ర్యాంకు సాహితిదే.

కడపకు మారి, సిబిఎస్‌ఇ బడిలో ఆరులో చేర్చాక అంతా తిరగబడింది. "పుస్తకం మూసి సొంత మాటల్లో చెప్పమంటే నోరు విప్పదు. ప్రశ్న కొంచెం మార్చి అడిగితే దిక్కులు చూస్తుంది," అంది టీచరు. "ఇంట్లో మనసులో చదవనివ్వండి. సోమవారం సైన్సు పరీక్షలోనూ ఇలాగే అయితే, మళ్ళీ ఐదులో కూర్చోబెట్టక తప్పదు."

మధులత ఇంటికి వచ్చి కూతురి ముందు సైన్సు పుస్తకం పెట్టింది. సరే, మనసులోనే చదువుకోమంది. కానీ ఆ నిశ్శబ్దాన్ని ఓర్చుకోవడం ఆమె వల్ల కాలేదు. కాసేపటికి పాలు ఇచ్చే వంకతో వెళ్ళేది, ఇంకాసేపటికి దువ్వెన వెతుకుతూ. ఆమె పోకపోతే తిరుపతమ్మ పోయేది.

"పుస్తకం ముందర పెట్టుకొని గమ్మున కూచుంటే సదువంటారా? మా కాలంలో దాన్ని కునుకంటాండిరి."

ఆదివారం మధ్యాహ్నం మాత్రం గదిలోంచి సాహితి గొంతు ఖంగుమంది. "ది రూట్ ఫిక్సెస్ ది ప్లాంట్ టు ది సాయిల్..." అత్తాకోడళ్ళు ముఖాలు చూసుకుని హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. తిరుపతమ్మ కాళ్ళు చాపుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీయసాగింది.

అంతలో సాహితి వంటింట్లోకి వచ్చి బిందెలో చెంబు ముంచింది. గదిలో సాహితి చదువుతూనే ఉంది.

"అహోబిలం నరసింహసామీ!" తిరుపతమ్మ ఒళ్ళోని చేట ఎగిరిపడింది. "పాప ఈడుండాది, గొంతు ఆడుండాది!"

మధులత ఒక్క అంగలో గదిలోకి వెళ్ళింది. దిండు మీద ఆమె ఫోనే, నిరుడు ఎర్రగుంట్లలో రికార్డు చేసిన సాహితి పాఠం వల్లిస్తోంది.

"అమ్మనే మోసం చేస్తావా? రేపు పరీక్ష పెట్టుకొని ఈ నాటకాలేంది? ఐదులో కూచుంటావా?"

వెనకే వచ్చిన సాహితి చెంబు కింద పెట్టింది. "నాకేమన్నా సరదానా మా? ఒక లైను అర్థమయ్యేలోపల నువ్వు తలుపు తీస్తావు. నువ్వు పోతానే జేజి వస్తాది. మళ్ళా మొదటి నుంచీ చదవాల. మీకు సప్పుడు కావాల, నాకు ఆరో తరగతి కావాల. అందుకే మీకు ఫోను పెట్టి, నేను చదువుకుంటాండా."

"అంత చదివినదానివి, ఏం చదివినావో చెప్పు."

సాహితి పుస్తకం మూసింది. "మిద్దె మీద జేజి మిరపకాయలు ఎండేస్తాది గదా. వాటి తడంతా ఆవిరై పైకి పోతాది. పైన చల్లబడి మేఘమైతాది."

మధులత పుస్తకం తెరిచి, పేజీలో వేలు పెట్టి వెతికింది. "ఇందులో మిరపకాయల్లేవే!"

"లేవు. నేను పెట్టినా."

మధులత వేలు అక్కడే ఆగిపోయింది.

"అది సరే పాపా," గుమ్మంలోంచి తిరుపతమ్మ అందుకుంది. "మన తడంతా పైకి పోతాంటే, వాన మన మీద పడదేమి? యాడికి పోయి పడతాండాది?"

"అది తర్వాతి పేజీలో ఉండాది జేజీ. నువ్వు అరిచినావు, ఇంకా చదవల్యా."

మధులతకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇన్నేళ్ళూ ఆ గొంతు ఆగకుండా చూసుకుంది గానీ, అదేం చెబుతోందో ఒక్కసారీ అడగలేదు. కూతురి తల నిమిరి, "చదువుకో తల్లీ, ఇంక రాను," అని తలుపు దగ్గరగా వేసింది.

మంగళవారం టీచరు ఫోన్ చేసింది. విని పెట్టేసి, మధులత కొంగు కళ్ళకు అద్దుకుంది.

"దించేసినారా?" తిరుపతమ్మ లబలబలాడింది.

"లేదత్తా. ఆరులోనే ఉంచినారు. అన్నీ సొంత మాటల్లో రాసిందంట."

"మరి ఏడుస్తావేమే!"

బడి నుంచి వచ్చిన సాహితి సంచీ దించుతూనే చెప్పింది. "రేపు సోషల్. నేను చదువుకొని వచ్చి మీకు చెప్తా. మీరు ప్రశ్నలడగాల."

"నాకేం తెలుసని అడగమంటావే?"

"తెలీదు గదా, అందుకే నువ్వు బాగా అడుగుతావు జేజీ."

తిరుపతమ్మ కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. పాప గదిలోంచి వచ్చేవేళకు మధులత స్టవ్ ఆపేసి వచ్చి, అత్త పక్కన చోటు చేసుకుంది.