దీపం లేని పేజీ

"రఘురామ్ పది గంటలకి ఆ పేజీ తెరుస్తాడు. ఒక్కసారే. పేజీలో దీపం బొమ్మ ఉంటే వంతెన మీదికి వెళ్తాడు. లేకపోతే వెనక్కి తిరుగుతాడు," అన్నాడు బ్యూరో చీఫ్ భీమశంకరం.

"వంతెన దగ్గర?"

"శత్రువులు కాపు కాశారు. పొద్దున్నే తెలిసింది."

ఏజెంట్ కిరీటి గడియారం చూసుకున్నాడు. సరిహద్దు అవతల మారుపేరుతో బతుకుతున్న ఆ రఘురామ్ అతనికి స్వయానా బావ. మొగుడు లేహ్‌లో స్టోర్స్ చూసుకుంటున్నాడనుకుని అక్క ప్రవల్లిక బ్యూరో ఆఫీసున్న ఈ ఆర్.కె. పురంలోనే, క్వార్టర్స్‌లో అతని కోసం స్వెట్టర్ అల్లుతోంది.

"అసలు పేజీయే తెరుచుకోకపోతే సార్?"

"పాత ప్లానే. వంతెన మీదికే. అతనికి వేరే దారిలో కబురు పంపలేం."

ఆ పేజీ ఉన్నది బోర్డు పరీక్షల ఫలితాల సైట్‌లో. ఇవాళే రిజల్ట్స్. రఘురామ్ ఆ పేజీని రోజూ చూస్తూనే ఉంటాడు, ఇవాళైతే లక్షల మంది పిల్లల్లో అతన్ని ఎవరూ గుర్తుపట్టలేరు. నోయిడాలో ఉన్న ఆ సర్వర్ బాధ్యత వైశాలిది. శత్రువులకి అమ్ముడుపోయినట్టు నటిస్తూ వాళ్ళ ముఠాలో దూరిన బ్యూరో ఏజెంట్.

"పదికి ముందే వైశాలి దీపం తీసేస్తుంది. లోడ్ టెస్ట్ కూడా చేసింది. యాభై వేల మంది ఒక్కసారే మీద పడ్డా సర్వర్ చెక్కుచెదరలేదు. నువ్వు వెళ్ళి పక్కనే ఉండు."

చీఫ్‌కి ఆమె మీద అంత గురి. ఆ మాటకొస్తే కిరీటికీ గురే. ఆ నల్ల కళ్ళద్దాలు, ఆ పెర్ఫ్యూమ్, ఆ నవ్వు ముందు బ్యూరోలో సగం మందికి బుర్ర పనిచేయదు మరి.

బ్యూరో కంప్యూటర్లలో ఆ సైట్ తెరవకూడదని రూలు. అందుకని దారిలో మునిర్కాలో ఓ సైబర్ కేఫ్‌లో దూరి పేజీ తెరిచాడు. బోర్డు భవనం, మంత్రిగారి ఫొటో, దీపం... నలభై బొమ్మలు నత్తనడకన దిగాయి. మూసి మళ్ళీ తెరిచాడు. ఈసారి అన్నీ టక్కున ప్రత్యక్షం.

కిరీటికి అప్పుడు వెలిగింది.

బ్రౌజర్ ఒకసారి తెచ్చుకున్న బొమ్మల్ని ఆ కంప్యూటర్‌లోనే దాచుకుంటుంది. మళ్ళీ సర్వర్‌ని అడగదు. పోయిన వారం వైశాలి కుర్చీ వెనక నిలబడి అతనే చూశాడు. ముందు పేజీ తెరిచింది. ఆ తర్వాత అదే బ్రౌజర్‌లో, దాచినవి చెరిపేయకుండా, లోడ్ టెస్ట్ రికార్డింగ్ మొదలుపెట్టింది. అంటే టెస్టులో ఆ రికార్డింగ్‌కే నకళ్ళుగా వచ్చిన యాభై వేల ఉత్తుత్తి మనుషులూ పాత చుట్టాల్లా నడుచుకున్నారు. అక్షరాలే అడిగారు తప్ప ఒక్కడూ బొమ్మ అడగలేదు. ఇవాళ వచ్చే పిల్లలంతా మొదటిసారి వచ్చేవాళ్ళు. తలా నలభై బొమ్మలూ అడుగుతారు. సర్వర్ కుప్పకూలుతుంది, బావ వంతెనెక్కుతాడు.

కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు చేసే పొరపాటు అది. వైశాలి లాంటి ఎక్స్‌పర్ట్ చేసిందంటే అది పొరపాటు కాదు. వైశాలికి ఫోన్ చేశాడు. స్విచాఫ్.

ఏసీ మెకానిక్ వేషంలో కిరీటి నోయిడా చేరేసరికి పది కావస్తోంది. సిగరెట్ లైటర్‌లో దాచిన మాస్టర్ చిప్‌తో సర్వర్ రూమ్ తలుపు తీశాడు.

"మెకానిక్ భయ్యా, మీసం ఊడుతోంది," అంది వైశాలి. ఆమె చేతిలో పిస్టల్ ఉంది.

టూల్ బ్యాగ్ ఆమె చేతిమీదికి విసిరాడు. పిస్టల్ ఎగిరి ర్యాక్ కిందికి పోయింది. మరుక్షణం ఆమె చేతికి, ర్యాక్‌కి కలిపి బేడీ పడింది. స్క్రీన్ మీద లోడ్ గ్రాఫ్ అప్పటికే నడినెత్తికెక్కుతోంది. తొందరపడ్డ పిల్లలు మొదలెట్టేశారు. కిరీటి బొమ్మల ఫోల్డర్ మొత్తం డిలీట్ చేశాడు. గ్రాఫ్ దిగింది. హమ్మయ్య అనుకున్నాడు.

వైశాలి నవ్వింది.

"కొత్తవాళ్ళ సంగతి సరే. మరి రోజూ వచ్చేవాడి మాటేమిటి? దీపం అతని మెషీన్‌లోనే ఉంది. నువ్వు ఇక్కడ తీసేస్తే అక్కడ ఆరుతుందా?"

నిజమే. ఇవాళ లక్షల మందిలో పాత చుట్టం బావ ఒక్కడే. దీపం అతనికి నిక్షేపంగా కనబడుతుంది. ఇక అక్కకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా టైమ్ లేదు.

ఆలోచించరా వెధవా, అని తనని తనే తిట్టుకున్నాడు. బొమ్మ పాతదే. కానీ రిజల్ట్స్ పేజీ ఎప్పటికప్పుడు సర్వర్ నుంచి కొత్తగా రావాల్సిందే. 'ఇక్కడ దీపం పెట్టు' అని ఆ పేజీలో ఒక లైను ఉంటేనే బ్రౌజర్ దాచుకున్న దీపం బయటికి తీస్తుంది. ఆ లైనే లేకపోతే?

పేజీ ఫైలు తెరిచాడు. ఏ లైను దీపానిదో వెతికే తీరిక లేదు. బొమ్మ అన్న ప్రతి లైనూ కొట్టేశాడు. సేవ్ నొక్కాడు. గోడ గడియారం పది కొట్టింది.

తర్వాత చేయగలిగింది ఏమీ లేదు. కుర్చీలో కూలబడి, ఎన్నడూ మొక్కని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు.

మధ్యాహ్నం ఆర్.కె. పురంలో భీమశంకరం రఘురామ్ పంపిన కబురు రాసిన చిన్న కాగితం అతని చేతిలో పెట్టాడు. 'మ్యాచ్‌కి వెళ్ళడం లేదు. వేరే దారిలో ఇంటికొస్తున్నా.' మ్యాచ్ అంటే వాళ్ళ రహస్య భాషలో వంతెన. కిరీటి చీఫ్ ముందే చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. భీమశంకరం పాపం కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

"వైశాలి ఆ మాట అనకపోతే నాకు తట్టేదే కాదు సార్," అన్నాడు కిరీటి కళ్ళు తుడుచుకుని. "నోరు జారిందా, కావాలనే చెప్పిందా?"

"రెండు చోట్ల జీతం తీసుకునే మనిషి. రెండూ అయ్యుంటుంది."

ఇంతలో ఫోన్ మోగింది. భీమశంకరం 'జీ, జీ, ఠీక్ హై' అంటూ విని పెట్టేశాడు.

"ఎవరు సార్?"

"మంత్రిగారి పీఏ. పేజీలో మంత్రిగారి ఫొటో లేకుండా చేసిన దేశద్రోహి ఎవడో సాయంత్రంలోగా పట్టుకోమంటున్నాడు. కేసు నీకే ఇస్తున్నా."