ఇరవై ఆరో మాట

"కంప్యూటర్‌లో పనిచేసే ఎనిమిది కోర్లనీ ఒకేసారి పెడితే గంటలో అయిపోతుంది," అన్నాడు ఇంజనీరు.

"మా నాన్న ఒక్క కోరుతోనే చేసేవారు."

"మీ నాన్నగారికి తీరిక ఎక్కువేమో."

"ఆయన పోయి రెండేళ్లయింది."

ఇంజనీరు నోరు మూసుకున్నాడు. ఆ పని ముందే చేసి ఉండాల్సింది.

ఆమె ఒక చెవుల ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేస్తుంది. మూడు నెలలుగా ప్రతి సోమవారం కంప్యూటర్లు చూసే మిషతో వచ్చి, అతను ఆమెను చూసి పోతున్నాడు. ఈ సోమవారం నిజంగానే పని పడింది.

పరీక్ష ప్రోగ్రామ్ ఆమె తండ్రి రాసింది. అది ఒక మాట వినిపిస్తుంది. రోగి తిరిగి చెప్పాలి. అలా ఇరవై ఐదు మాటలు, అన్నీ ఆయన గొంతే. ఆ గొంతును ఆయన తన సొంత పద్ధతిలో ముడివేసి దాచాడు. ఇంకే ప్రోగ్రామూ ఆ ముడి విప్పలేదు.

ఆసుపత్రి కంప్యూటర్ మార్చింది. ఏ రకం యంత్రంలోనైనా విండోలూ బటన్లూ గీసిపెట్టే కోడ్ లైబ్రరీ ఒకటి ఉంది. ఆయన ప్రోగ్రామ్‌కి దాని పాత వెర్షన్ కావాలి, అదీ ఆయన చెయ్యి పెట్టి మార్చింది. ఆయన రాసిపెట్టిన సోర్స్ కోడ్ నుంచి దాన్ని కొత్త యంత్రంలో మళ్లీ తయారుచేసుకోవడం, అంటే కంపైల్ చేసుకోవడం తప్ప దారి లేదు. సాయంత్రం ఆరింటికి ప్రోగ్రామ్ తెరుచుకోకపోతే కొత్తది కొంటానని పెద్ద డాక్టరు తేల్చేశాడు. ఆ గొంతు అక్కడితో సరి.

అతను ఎనిమిదీ పెట్టాడు. నలభై నిమిషాలకి ఆగిపోయింది. ఫలానా ఫైలు లేదంది. ఆ ఫైలును పక్క కోరు ఇంకా తయారుచేస్తూనే ఉంది. ఆమె తండ్రి ఒకదాని తర్వాత ఒకటిగా వరుసగా పోయే మనిషి, వరుసగా పోయేవాళ్ల కోసమే రాశాడు.

"చెప్తే వినరు. ముందు మీ చెవులు పరీక్ష చెయ్యాలి," అంది.

అంతా తుడిచేసి, ఒక్క కోరుతో మళ్లీ మొదలుపెట్టాడు.

చప్పుడు రాకుండా గోడలకి మెత్తలు కొట్టిన పరీక్షల గది అది. అన్న మాట తిరిగి రాదు. కాసేపు ఊరుకుంటే ఎవరి గుండె వాళ్లకే వినిపిస్తుంది. బయట వాన పడుతోందో లేదో తెలియదు. తెర మీద వరుసలు మాత్రం పాకుతున్నాయి.

మధ్యాహ్నం దాటాక ఒక వరుస పసుపు రంగులో వచ్చింది.

"హెచ్చరిక: పక్కన కూర్చున్న పిల్లకి ఆకలేస్తోంది."

అతను తెర దగ్గరికి వంగాడు. "ఎవరు రాశారిది?"

"నాన్నే. చిన్నప్పుడు పక్కన కూర్చునేదాన్ని. పనిలో పడితే నన్ను మర్చిపోయేవారు. అందుకని పెట్టుకున్నారు."

"ఇప్పుడు వేస్తోందా మరి?"

"పొద్దున్నుంచీ."

పరుగెత్తి బిస్కెట్లు తెచ్చాడు.

ఐదూ నలభైకి ఇన్‌స్టాల్ ముగిసింది. విండో తెరుచుకుంది. బూడిద రంగు బటన్లు, ఇరవై ఐదు గళ్లు. ఇక ఎవరో ఒకరు విని చూడాలి.

"మీరే కూర్చోండి. నేను వినలేను," అంది.

అతను రోగులు కూర్చునే చిన్న అద్దాల గదిలో కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. బయట స్పీకర్‌లో ఆమెకి వినిపించేది అతని గొంతు ఒక్కటే.

"గొడుగు," అన్నాడు. కాసేపాగి, "చాప." ఆ తర్వాత, "మేనత్త."

తండ్రి మాటలు పరాయివాడి నోటి నుంచి ఒక్కొక్కటే వస్తున్నాయి. పోయినవాళ్లు తిరిగి రారు. వచ్చినట్టు అనిపించడమే ఉన్నవాళ్లకి శిక్ష.

ఇరవై ఐదో గడి ఆకుపచ్చ అయింది. పరీక్ష ముగిసిందని తెర చెప్పింది. శబ్దం చూపే గీత కదలకుండా పడుకుంది.

అతను లేవలేదు. ఎదురుగా ఎవరో నిలబడ్డట్టు తలెత్తాడు.

"ఉంటానండీ," అన్నాడు.

ఆమె వెళ్లి తలుపు లాగింది. "ఆ మాట జాబితాలో లేదు."

అతను హెడ్‌ఫోన్లు మెడ మీదికి దించాడు. "ఆయన అడిగారు."

"ఏమని?"

"పిచ్చుకకి తోడుంటావా అని. పిచ్చుక ఎవరండీ?"

ఆమెకి ఆ పేరు పెట్టింది తండ్రి ఒక్కడే, పిలిచిందీ ఆయన ఒక్కడే. ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

"ఎవరో తెలియకుండానే మాటిచ్చేశావా?"

"మీరే అయ్యుంటారనుకున్నాను. కాదంటే ఆయన్నే మళ్లీ అడుగుతాను."

హెడ్‌ఫోన్లు పైకి ఎత్తబోయాడు. ఆమె వాటిని అతని మెడలోంచి తీసేసింది.

"ఆయన్ని కాదు," అంది. "నన్నడుగు."