ఊపిరి తీయని బిడ్డకు చోటు

ఆ ఉదయం సాయవ్వ చర్చి వాకిలి ఊడ్చి వచ్చి చాయ పెట్టుకుంది. భర్త పోయినప్పటి నుంచి సమాధుల తోట తాళంచెవి ఆమె కొంగునే ఉంటుంది. బోధన్ పక్కనున్న ఆ ఊళ్లో క్రైస్తవుల ఇంట ఎవరు కన్నుమూసినా ముందు ఆమె గడపకే రావాలి. చాయ పొంగే వేళకు వీరస్వామి వచ్చాడు. ఆమె భర్తకు అన్న, సంఘానికి పెద్ద.

"సాయవ్వా, మేరీకి దవాఖానల కడుపు పోయింది. ఆరో నెల, మగపిల్లగాడు. గేటు తియ్యాలె."

మేరీ వీరస్వామి కోడలు. 'అయ్యో' అనాల్సిన చోట సాయవ్వ 'ఇన్నాళ్లకు చేజిక్కావు బావా' అనుకుంది. అవును, అలాగే అనుకుంది. దాచేదేముంది?

"పిల్లగాడు ఊపిరి తీసిండా?"

"లేదు."

"మరి ఆత్మ యాడిది బావ?"

వీరస్వామి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ మాట ఆయనదే. ఇరవై ఎనిమిదేళ్ల క్రితం సాయవ్వకు ఏడో నెలలో బిడ్డ చనిపోయి పుడితే, ఆ తోట గేటుకే అడ్డం నిలబడి చెప్పాడు. దేవుడు ముక్కుల్లో ఊపిరి ఊదాకే మనిషట. ఊపిరి తీయనిదానికి ఆత్మ లేదు, ప్రార్థన లేదు, లోపల చోటూ లేదట. అన్న మాట జవదాటలేని భర్త బిడ్డను పాత ధోతిలో చుట్టి చెరుకు తోట గట్టున పూడ్చి వచ్చాడు. తర్వాత చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. చెరుకు పోయి వరి వచ్చింది. ట్రాక్టరు గట్టును చదును చేసింది. బిడ్డ ఎక్కడున్నాడో కన్నతల్లికే తెలియకుండా పోయింది. ఆమె కడుపు మళ్లీ పండలేదు.

"అప్పుడు నాకు సమజ్ కాలేదమ్మా. కడుపుల పడ్డనాడే దేవునికి ఎరుకైతమని ఇప్పుడు..."

"నీ మనుమడు అనంగనే ఎరుకయిండా? నా కొడుకును దేవుడు గుర్తువట్టలేదా?"

"నీ కాళ్లు మొక్కుత."

"మొక్కు. గా దినం నేను గూడ మొక్కిన, గిదే గేటు కాడ. చెరుకు గట్టు లేదు గని, మడిగట్లు మస్తున్నయి. తీస్కపో!"

ఆ మాట అంటుంటే ఆమె నోరు తీపెక్కింది.

అంతలో వీరస్వామి కొడుకు బెన్‌హర్ వచ్చాడు. చేతుల్లో తెల్ల తువ్వాలు మూట. వాళ్లిద్దరి మధ్య ఆనాడు గానీ ఇప్పుడు గానీ నడిచినదేదీ అతనికి తెలియదు.

"సిన్నమ్మా, మేరీ ఒక్క మాట చెప్పుమన్నది. నీ బిడ్డ పక్కకే పెట్టాల్నట. ఒక్కడే ఉంటే బెదురుకుంటడట."

సాయవ్వ ఆ మూట వైపు చూసింది. మేరీ ఆ ఇంటికి కోడలై వచ్చి నాలుగేళ్లే. సాయవ్వ బిడ్డ కూడా గేటు లోపలే ఉన్నాడనుకుంటోంది పిచ్చిపిల్ల. గేటు బయటే ఆపేశామని చెప్పడానికి ఆ ఇంటి పెద్దలెవరికీ నోరు రాలేదు. వీరస్వామి తన కొడుకు ముఖం చూడలేక తల దించుకున్నాడు.

సాయవ్వ కొంగు ముడి విప్పింది.

"గుంత తవ్విపిస్త. గని బావ, ముందుగాల నువ్వు నా కొడుకున్న గా మడిలకు పో. పిడికెడు మట్టి తే. ఎవ్వల్ని పంపొద్దు, నువ్వే దిగు."

అది క్షమించి అన్న మాట కాదు, కక్షతోనే అంది. డెబ్బై దాటిన మనిషి నీళ్లు నిలిచిన మడిలో దిగి, మోకాళ్ల దాకా బురదతో తిరిగొచ్చాడు. దారిలో ఎక్కడా పిడికిలి తెరవలేదు. ఆ మట్టిని గుంతలో పరిచి దాని మీద మూటను పడుకోబెట్టారు. ప్రార్థన అయ్యాక వీరస్వామి గేటు దగ్గర సమాధుల పుస్తకం తెరిచాడు. ఒక వరస ఖాళీగా వదిలి, దాని కింద మనవడి పేరు రాశాడు. తర్వాత తలెత్తాడు.

"సాయవ్వా, నీ కొడుకు పేరేంది?"

ఇరవై ఎనిమిదేళ్లుగా ఆమె దగ్గర ఎన్నో శాపనార్థాలు సిద్ధంగా ఉన్నాయి. ఈ ప్రశ్నకు మాత్రం ఏదీ సిద్ధంగా లేదు. కట్టుకున్నవాడు కూడా ఎన్నడూ అడగలేదు.

"యోహాను" అంది మెల్లగా. "కడుపుల గంతులేసేటోడు బావ. ఊకె గంతులేసేటోడు."

ఆ గేటు దగ్గరే కూలబడి, ఆనాడు ఏడవనివ్వని ఏడుపంతా ఏడ్చింది. వీరస్వామి బురద చేత్తోనే ఖాళీ వరసలో ఆ పేరు రాశాడు.