రత్తత్త గొంతు

పాలు పొంగి పొయ్యిమీద పడ్డాక గానీ రాజ్యం తేరుకోలేదు. కళ్ళు మండుతున్నాయి, మోకాళ్ళు మొండికేస్తున్నాయి. మిరప కోతల రోజులు కావడంతో కల్లంలో కూలీలకు టీ కాచి పంపాలి. తమ్ముడు చెంచయ్య పొలానికి వెళ్ళేలోపు ఇడ్లీ వేయాలి. మరదలు మాధవీలత లేచేసరికి కాఫీ సిద్ధంగా ఉండాలి. ఉసూరుమంటూ గుడ్డ తీసుకుని పొయ్యి తుడిచింది. వినుకొండ రోడ్డు పక్కనున్న ఆ ఊళ్ళో ఫిబ్రవరి వచ్చిందంటే గాలి కూడా ఘాటుగానే ఉంటుంది, తుమ్ములు ఎటూ తప్పవు.

"రత్తత్తా! బండ నిండుకుందా?" అని గుమ్మంలోంచి కేకేశాడు గ్యాసు సిలిండర్లు వేసే కోటి. కేకేసి ఊరుకోకుండా తన మాటకు తనే పడీపడీ నవ్వాడు.

"నా పేరు రాజ్యం రా అబ్బాయ్. బండ అక్కడ పెట్టి వెళ్ళు" అంది ఆమె నీరసంగా.

రత్తత్త ఆమె పేరు కాదు మరి. చెంచయ్య కూతురు శ్రీరమ్య మేడమీద గదిలో కంప్యూటరు ముందు కూర్చుని బొమ్మలు గీసి, వాటికి మాటలు పెట్టి, 'ఎండుమిరప ఇల్లు' అని ఓ హాస్య కార్టూన్ సీరియల్ తీస్తోంది. వారం వారం ఫోన్లలో వస్తుంది. అసలు కథంతా ఓ తండ్రిదీ, తల్లిదీ, వాళ్ళ అల్లరి పిల్లలదీ. రత్తత్త అందులో ఓ మూలనుండే చిన్న పాత్ర. వంటింటి గుమ్మంలోంచి తల బయటపెట్టి, "నిండుకుంది" అని ఒక్క మాట అని మాయమైపోతుంది. ఉప్పు అడిగితే నిండుకుంది. ఫోన్లో ఛార్జింగు నిండుకుంది. ఇంటికొచ్చిన అల్లుడి ఓపిక నిండుకుంది. ఇంట్లో ఏదైనా అయిపోతే లేదు అనడానికి నోరు రాక నిండుకుందనడం మన ఆడవాళ్ళ అలవాటే గానీ, రాజ్యం గొంతులో ఆ మాట వినేసరికి జనానికి ఎక్కడలేని నవ్వూ వచ్చింది. ఒక్క మాటే కదా అని మేనకోడలి ముచ్చట తీర్చిన పాపానికి, ఇప్పుడు ఆమె కరివేపాకు కొనడానికి వెళ్ళినా బడి పిల్లలు వెంటపడి అరుస్తున్నారు. మొదట్లో ఆమెకూ సరదాగానే ఉండేది. ఇప్పుడు వీధిలోకి వెళ్ళాలంటే విసుగు.

ఇడ్లీపాత్ర దించుతుండగా మెట్లమీంచి దూకినట్టే వచ్చింది శ్రీరమ్య.

"అత్తా! ఒప్పుకున్నారు! హైదరాబాద్ కంపెనీ వాళ్ళు ఒప్పుకున్నారు!"

"దేనికే?"

"స్పిన్-ఆఫ్‌కి!"

"స్పిన్నింగు మిల్లుకి నేనెందుకే ఈ వయసులో?" అంది రాజ్యం అయోమయంగా.

శ్రీరమ్య పొట్ట పట్టుకుని నవ్వింది. "మిల్లు కాదత్తా. పెద్ద సీరియల్లోంచి ఓ చిన్న పాత్రని బయటికి తీసి దానికి విడిగా కథ చెయ్యడం. రత్తత్తకి సొంతంగా సీరియల్! ఇక ఆవిడే హీరోయిన్. కాకపోతే ఒకటే షరతు పెట్టారు. గొంతు నీదే ఉండాలట, మార్చడానికి వీల్లేదట."

చెంచయ్య మురిసిపోయి కూతురి నెత్తిమీద మొట్టికాయ వేశాడు. మాధవీలత దేవుడి గూటి ముందు చేతులు జోడించింది. రాజ్యానికి కూడా సంతోషం కలిగింది. ఉద్యోగాల వేటలో విసిగిపోయి ఇంటికొచ్చిన పిల్ల, మొహం చాటేసుకుని తిరిగిన పిల్ల, ఇవాళ ఇల్లెగిరిపోయేలా నవ్వుతోంది. దానికోసం గొంతేం ఖర్మ, ప్రాణమైనా ఇస్తుంది. అదే మాట పైకి కూడా అనేసింది.

అసలు కథ పది గంటలకు మొదలైంది. మేడమీద గదికి బయటి చప్పుళ్ళు రాకుండా గోడలకు పాత దూది బొంతలు వేలాడదీసి ఉన్నాయి. రాజ్యం మైకు ముందు కూర్చుంటే, శ్రీరమ్య మొదటి భాగం చదివి వినిపించింది.

"ఇది రత్తత్త చిన్నప్పటి కథ. అసలా 'నిండుకుంది' ఎలా పుట్టిందో చూపిస్తామన్నమాట. చిన్న రత్తి బాగా తిండిపోతు. కుండలో అన్నమంతా ఒక్కతే మింగేస్తుంది. తమ్ముడు చిట్టిగాడు వచ్చి, 'అక్కా, అన్నం' అని ఏడుస్తాడు. అప్పుడు నువ్వు మూతి తుడుచుకుని, త్రేన్చి, 'నిండుకుందిరా' అనాలి. ఎలా ఉందత్తా?"

 "ఇదెక్కడిదే?" అంది రాజ్యం.

"నాన్న చెప్పిందే. నా చిన్నప్పట్నుంచీ చెబుతూనే ఉన్నాడుగా, మీ అత్త కుండ ఖాళీ చేసి నాకు మాత్రం నిండుకుందని చెప్పేదని!"

రాజ్యం చెవులకు పెట్టుకున్నవి తీసి బల్లమీద పెట్టింది. "నేను చెప్పను. వేరే ఎవర్నైనా చూసుకో."

"అత్తా! గొంతు నీదే కావాలన్నారని చెప్పాగా!"

"నావల్ల కాదే తల్లీ" అని గోడ పట్టుకుని మెట్లు దిగింది.

మధ్యాహ్నానికి ఇల్లంతా ముటముటలాడింది. శ్రీరమ్య తలుపేసుకుని ఏడుస్తోంది. కూతురు ఏడిస్తే ఏ తల్లికైనా నోరు అదుపులో ఉండదు. మాధవీలత వంటింటి గుమ్మంలో నిలబడి అననే అనేసింది.

"ఒక్కమాట అడుగుతా వదినా. పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ మిమ్మల్ని ఏనాడైనా పరాయిగా చూశానా? కూర్చోబెట్టి పెట్టలేకపోయినా కలిసే తిన్నాం కదా. కన్నపిల్లల్లేకపోతే మాత్రం ఆ పిల్ల బాగుపడుతుంటే ఓర్చుకోలేరా?"

రాజ్యం చేతిలోని పప్పుగుత్తి ఆగిపోయింది. తమ్ముడు ఓ ఒడ్డున పడ్డాక చూద్దాంలే అనుకున్న పెళ్ళి అలాగే వెనకబడి చివరికి జరగకుండానే పోయింది. దాని గురించి ఆమె ఎవర్నీ ఏమీ అనలేదు. ఈ మాటకు మాత్రం గుండె కలుక్కుమంది. అయినా మళ్ళీ పప్పు మెదపసాగింది.

చెంచయ్య కల్లం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడు. రాజ్యం అన్నం వడ్డించి, గిన్నె పక్కన పెట్టి, అతనికెదురుగా నిలబడింది.

"ఏరా చెంచయ్యా, నేను నీకు పెట్టకుండా తిన్నానుట్రా?"

అతను నవ్వబోయాడు. "అదా! ఊరికే నవ్వులాటకి చెప్పానక్కా. దాన్ని పట్టుకుని నువ్వు..."

"నవ్వులాట సరే. అబద్ధమని తెలిసి చెప్పావా, నిజమనుకుని చెప్పావా? అది చెప్పు."

చెంచయ్య ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు. తలెత్తలేదు. మేడమెట్ల మీద శ్రీరమ్య వచ్చి నిలబడింది.

"నాకు అయిదేళ్ళే కదక్కా అప్పుడు" అన్నాడు చివరికి. "నువ్వు కుండలోకి చూసి నిండుకుందిరా అనేదానివి. నిండుకుందంటే నిండుగా ఉందనుకునేవాణ్ణి. మా ఇంట్లో బియ్యం నిండుకున్నాయని వీధంతా గొప్పలు కూడా చెప్పుకున్నా. నిండుగా ఉంటే మరి నాకెందుకు పెట్టదు? కాసిని గంజినీళ్ళు తాగించి పడుకోబెట్టేదానివి. నాకు నిద్ర పట్టేది కాదు. చీకట్లో కుండలో గరిటె గీకిన చప్పుడు వినపడేది. నువ్వు తింటున్నావనుకునేవాణ్ణి. పెద్దయ్యాక ఆ మాటకి అర్థం తెలిసింది గానీ... గరిటె చప్పుడు మాత్రం నేను విన్నానక్కా. అది అబద్ధం కాదు."

రాజ్యం కింద కూర్చుంది.

"విన్నావురా. గీకింది నేనే" అంది. "ఆ ఏడు తుఫానుకి తోట మొత్తం పడిపోయింది. అమ్మ అంతకుముందే పోయె. నాన్న ఒంగోలు వైపు పొగాకు పనికెళ్ళి ఎప్పుడొస్తాడో తెలీదు. పక్కింటి మాణిక్యమ్మ పిన్ని గోడకి చెవి ఆనించుకునే ఉండేది. ఆ పిల్లాడికి అది తిండేం పెడుతుంది, వాణ్ణి మా చుట్టాలకి పెంపకానికి ఇచ్చెయ్ అని నాన్న ఇంటికొచ్చినప్పుడల్లా ఒకటే పోరు. మన పొయ్యి వెలగలేదని తెలిస్తే నిన్ను తీసుకుపోతారని భయమేసింది. అందుకని ఖాళీ కుండలో గరిటె తిప్పేదాన్ని. ఆవిడకి వినపడాలని. మనం తింటున్నామనుకోవాలని."



"ఆవిడ వినాలని చేశా" అంది రాజ్యం పైటతో మొహం తుడుచుకుంటూ. "నువ్వు వింటున్నావని నాకు తెలీదురా నాయనా. ఇన్నేళ్ళూ నా గురించి అది మనసులో పెట్టుకుని ఉన్నావని తెలీదు."

కలిపిన అన్నం కలిపినట్టే ఉండగా చెంచయ్య లేచి వెళ్ళిపోయాడు. దొడ్లో గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అంత మనిషి భుజాలు ఊగిపోతూ ఏడవడం మాధవీలత మొదటిసారి చూసింది. ఆ పూట ఆ ఇంట్లో అన్నం గిన్నె మూత మళ్ళీ తియ్యలేదు. సాయంత్రం మాధవీలత వచ్చి రాజ్యం పక్కన కూర్చుని, "నోరు జారాను వదినా" అంది. "పోనీలే అమ్మాయ్" అంది రాజ్యం. అంతకంటే మాట్లాడే ఓపిక ఆమెకు లేదు.

మర్నాడు పొద్దున శ్రీరమ్య ఉబ్బిన కళ్ళతో వంటింట్లోకి వచ్చి అత్త భుజమ్మీద తల ఆనించింది.

"కథ మార్చేశానత్తా. నిన్న నువ్వు చెప్పిందే రాశా. కంపెనీ వాళ్ళకి నచ్చకపోతే సీరియల్ మానేస్తా. నీకు ఇష్టం లేకపోయినా మానేస్తా."

"మానెయ్యడమెందుకే. ఇందులో నవ్వెక్కడుందని చూస్తారు జనం?"

"ఎందుకు లేదూ? ఆ చిట్టిగాడు మా ఇంట్లో బియ్యం నిండుకున్నాయోచ్ అని వీధి వీధీ తిరిగి గొప్పలు చెబుతాడు. వినేవాళ్ళు బుగ్గలు నొక్కుకుంటారు."

రాజ్యం పెదవుల మీదికి నవ్వు వచ్చింది. "నిజంగానే చెప్పాడే, మొద్దబ్బాయి! చొక్కా కూడా లేకుండా అరుగులన్నీ ఎక్కి మరీ చెప్పాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రి గరిటె ఇంకాస్త గట్టిగా తిప్పా" అంటూ నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది. "పద. చెబుతా."

బొంతల గదిలో మళ్ళీ మైకు ముందు కూర్చుంది. చిట్టిగాడి మాటలు ప్రస్తుతానికి తను చదువుతానని శ్రీరమ్య కాగితం తీసింది. ఇంతలో తలుపు నెట్టుకుని చెంచయ్య వచ్చాడు. కల్లానికి వెళ్ళలేదు. రాత్రంతా నిద్రపోయినట్టు లేడు.

"ఆ పిల్లాడి మాటలు నేను చెబుతానమ్మా" అన్నాడు కూతురితో.

"నాన్నా, వాడికి అయిదేళ్ళు. నీ గొంతు వింటే కుక్కలు మొరుగుతాయి."

"పర్లేదు. ఒక్కసారి చెబుతా."

అక్క ఎదురుగా చాపమీద చతికిలబడ్డాడు. శ్రీరమ్య మీట నొక్కి సైగ చేసింది. కాగితంలో ఉన్న మాట, 'అక్కా, అన్నం పెట్టు.' చెంచయ్య కాగితం చూడనేలేదు.

"అక్కా, నువ్వు తిన్నావా?" అన్నాడు.

తిన్నాలేరా అనబోయింది రాజ్యం. ఆ మాట నాలుక చివరికి వచ్చేసింది కూడా. తమ్ముడి మొహం చూశాక దాన్ని మింగేసింది. 

"లేదురా" అంది. "నిన్నట్నుంచీ తినలేదు. ఆకలేస్తోంది."

చెంచయ్య గబుక్కున లేచి కిందికి పరుగెత్తాడు. కాసేపటికి వంటింట్లోంచి డబ్బాల మూతలు తీస్తున్న మోత, గిన్నె ఏదో కింద పడిన మోత వినిపించాయి. "అది పప్పు కాదండీ, పసుపు!" అని మాధవీలత అరుస్తోంది. "అయితే పప్పెక్కడుందే?" అని చెంచయ్య అంతకంటే గట్టిగా అరుస్తున్నాడు.

శ్రీరమ్య అత్తవైపు చూసింది. రాజ్యం లేవలేదు. బొంతకు వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"వెతుక్కోనీవే" అంది.