రెండు వందల ఎర్ర బుష్షులు

"ఇవి తొవ్వల ఏమన్న తిన్నయా?"

స్నేహలత నాతో అన్న మొట్టమొదటి మాట ఇది. చేతిలో సైజు కొలిచే వెర్నియర్, ముక్కు మీద కళ్లద్దాలు, కళ్లద్దాల మీద వాన చినుకులు. షాద్‌నగర్‌లో ప్యాకింగ్ మిషన్లు తయారుచేసే ఒక కంపెనీలో ఆమె క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. అదే రోడ్డు చివరి షెడ్డులో నైలాన్ కడ్డీలను లేతు మీద తిప్పి మిషన్ భాగాలు చేసేవాణ్ణి నేను. పేరు గిరి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని.

"తినుడేంది మేడం?"

"మరి ఇంత లావెట్లయినయి? యాభై మిల్లీమీటర్లు ఉండాలె. యాభై పాయింట్ రెండున్నది. మా మిషన్ల పట్టవు."

"మా షెడ్ల యాభయ్యే ఉండె మేడం. ఒట్టు. నేను బీటెక్ చదివిన."

"నేను డిగ్రీ కొలుస్తలేను. బుష్షు కొలుస్తున్న."

బుష్షు అంటే తిరిగే ఇరుసుకూ దాన్ని పట్టుకునే ఇనుముకూ నడుమ కూర్చునే గొట్టం ముక్క. నైలాన్‌తో చేస్తే తుప్పు పట్టదు, చప్పుడు చేయదు, నూనె కోసం సతాయించదు. అంత మంచిదానికి ఒకటే దుర్గుణం. నీళ్లు తాగుతుంది, తాగి ఉబ్బుతుంది. మా షెడ్డు రేకులకు చిల్లులు. ఆ పెట్టె వారం రోజులు కారే నీళ్ల కిందే ఉంది. ఈ సంగతి బీటెక్‌లో చెప్పే ఉంటారు. ఆ రోజు నేను గొర్రెలకు టీకాలు వేయించడానికి ఊరికి వెళ్లి ఉంటాను.

ఆమె గులాబీ రంగు రిజెక్షన్ చీటీ మీద గుండ్రటి అక్షరాలతో రాసి ఇచ్చింది. "కారణం: లావు."

ఒక అమ్మాయి నాకు రాసిన మొదటి ఉత్తరం అది. జాగ్రత్తగా మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

రెండో లాటును ప్లాస్టిక్ కవరులో కట్టి ఇచ్చాను. వాళ్ల స్టోరులో కవరు విప్పారు. పది రోజుల ముసురుకు అవి మళ్లీ ఒళ్లు చేశాయి. రెండో చీటీ వచ్చింది. "కారణం: మళ్లీ లావు."

మూడోసారి గొడుగు బుష్షుల మీద పట్టి, నేను నిలువునా తడిసి గేటు దగ్గరికి చేరాను. ఆమె పై నుంచి కింద దాకా చూసింది.

"నువ్వు తడిసినవ్ కదా!"

"మనిషి తడిస్తె ఏమైతది మేడం? మనిషిని మీరు కొలువరు కదా."

"కొలువను."

"కొలుస్తె బాగుండు."

మెల్లగానే అన్నాను. ఆమెకు వినపడింది. వెర్నియర్ జారి బల్ల మీద పడింది. దాన్ని తీసుకుని, అసలేమీ జరగనట్టు, మూడో లాటునూ కొలిచి, లావని పక్కన పెట్టింది.

"గిరీ, ఒక మాట చెప్తున్న, విను. మబ్బు పడితె చాలు మారిపోయే సరుకు తెచ్చేటోని మాట నేనెట్ల నమ్మాలె? వానల గూడ సైజు మారని రెండు వందల బుష్షులు తీస్కరా. గప్పుడు మాట్లాడుదం."

"తేకపోతె?"

"గా రెండు వందలే ఆఖరి లాటు. అవిగూడ ఫెయిలైతె ఆర్డరు వేరేటోళ్లకు పోతది. నువ్వు మల్ల ఈ గేటు కాడ కనపడవు." చివరి మాట కొంచెం నెమ్మదిగా అంది. నాకు అది చాలు.

ఆ సాయంత్రం బాపుకు ఫోన్ చేశాను. ఆయన దేవరకొండ దిక్కు ఎనభై గొర్రెలతో ఉన్నాడు.

"నైలానా? గొర్లను కట్టే తాడు కదరా?"

"గదే జాతి బాపు. ఇది కడ్డీ. నీళ్లు చూస్తె తాగుతది, తాగి లావైతది. ఏం చెయ్యాలె?"

బాపు చాలాసేపు ఆలోచించాడు. నడుమ ఒక గొర్రె కూడా అభిప్రాయం చెప్పింది.

"గిండ్ల ఏమున్నదిరా? తోలకపోయే ముందే కడుపునిండ తాగబెట్టు. ఇంటికాడ నిండినంక తొవ్వల మడుగు కనపడ్డా మూతి పెట్టయి."

నాలుగేళ్ల బీటెక్ ఆ రోజు నాకు పూర్తయింది. పుస్తకాలు తిరగేస్తే నిజంగానే ఉంది. ముందుగా కొంచెం తక్కువ సైజుకు తిప్పాలి. గంటల తరబడి నీళ్లలో ఉడికించాలి. తాగవలసింది తాగేసి, సైజుకు వచ్చి నిలబడిపోతాయి.

కానీ రెండు వందల బుష్షులు పట్టే గిన్నె ఎక్కడిది?

"మా ఇంట్ల ఉన్నది," అంది స్నేహలత, గేటు దగ్గర సంగతి చెబితే. వాళ్లది పోచంపల్లి. వాళ్ల నాయిన సీతారాములు పట్టునూలుకు రంగులద్ది చీరలు నేస్తాడు. "కని నేను సాయం చేస్తె తప్పయితది. నేను ఇన్‌స్పెక్టర్‌ను. నువ్వే వచ్చి మా నాయినను అడుగు. నేను లోపలి అర్రలకెల్లి బయటికి రాను."

ఆదివారం బస్సు దిగి, కొంచెం తక్కువ సైజుకు తిప్పిన బుష్షుల మూట భుజాన వేసుకుని వాళ్లింటికి పోయాను. ముందు గదిలో మగ్గం టకటకమంటోంది. వాళ్లమ్మ ఆండాళు మూట విప్పి, తెల్లటి బుష్షులను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏవయ్యో, ఇటు రా! పిలగాడు పిల్లకు గాజులు తెచ్చిండు. రెండు వందలు!"

"గాజులు కాదమ్మా, బుష్షులు."

"ఇంత మందమున్నయి, చెయ్యెట్ల పడతది బిడ్డా?"

లోపలి గదిలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

సీతారాములు విషయమంతా విని, పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టించాడు. నన్ను కూర్చోబెట్టి ఊరు, చదువు, మా బాపు పేరు, గొర్రెల ఆరోగ్యం అడిగాడు. ఆరు గంటలు ఉడకాలన్నాను. మధ్యలో ఆండాళమ్మ అన్నం పెట్టింది.

ఆరు గంటల తరువాత మూత తీశాను.

బుష్షులన్నీ ఎర్రగా ఉన్నాయి. పెళ్లిచీర అంచంత ఎరుపు.

"సార్! ఇదేంది?"

"మా ఇంట్ల రంగు గిన్నెల ఉత్త నీళ్లు మసలబెట్టం బిడ్డా, మంచిది కాదు," అన్నాడాయన తాపీగా. "పట్టుకేసే ఎరుపు జరంత ఏసిన. శుభం కదా."

నేను అరుగు మీద కూలబడ్డాను. డ్రాయింగులో తెలుపు అని ఉంది. ఆఖరి లాటు ఇదే.

ఆయనకు నా బాధ పట్టలేదు. ఒక బుష్షును సబ్బుతో రుద్దాడు. తెల్లగుడ్డతో తుడిచాడు. నాలుక చివర పెట్టి కూడా చూశాడు. గుడ్డ తెల్లగానే ఉంది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ముప్పై ఐదేండ్లసంది రంగులద్దుతున్న. పట్టు గూడ ఇంత మంచిగ పట్టదు. ఎంత కడిగినా పోతలేదు! ఏ ఊరి సరుకు బిడ్డా ఇది?"

"నాయినా," లోపలి నుంచి గొంతు, "గిరిని అడగకు. ఆయన పానం పోయింది."

మర్నాడు కుండపోత. ఎర్ర బుష్షులు బల్ల మీద పోశాను. ఆమె రెండు వందలూ కొలిచింది. యాభై. యాభై. యాభై. తరువాత బకెట్ నీళ్లలో పడేసి, మూడు రోజులాగి రమ్మంది.

ఆ మూడు రోజులు నేను అన్నం తిన్నానో లేదో గుర్తులేదు.

నాలుగో రోజు బకెట్‌లోంచి తీసి మళ్లీ కొలిచింది. యాభై. మిషన్‌లోకి ఒకటి నెట్టింది. సుతారంగా వెళ్లి కూర్చుంది. ఇరుసు తిప్పింది. చప్పుడు లేదు.

"సైజు సరిపోయింది," అంది. "రంగు తప్పు. నేను అబద్ధం రాయను."

"రాయొద్దు. మీరు అబద్ధం రాసేటోళ్లయితె నేను ఇంతగనం..." ఆగిపోయాను.

ఆమె చాలాసేపు రాసింది. చీటీ ఈసారి ఆకుపచ్చది.

"సైజు: సరి. రంగు: తేడా ఉంది, పనికి అడ్డం కాదు. నిర్ణయం: తేడాతో సహా అంగీకారం."

కింద చిన్న అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది. "పై నిర్ణయం తెచ్చిన మనిషికి కూడా వర్తిస్తుంది. ఆదివారం మీ బాపును తీసుకుని రా."

ఆదివారం మా బాపు భిక్షం తెల్ల ధోవతి కట్టుకుని వచ్చాడు. సీతారాములు ఆయన చేతిలో మొదట పెట్టింది తాంబూలం కాదు, ఎర్ర బుష్షు. బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గొర్లకు గుర్తులేసే రంగు వానకు పోతాంది బావా. గీ రంగు జర నాకు గూడ ఇయ్యి."

"ఇస్త బావా, ఫికర్ చెయ్యకు."

బావా అని పిలుచుకోవడం ఎప్పుడు మొదలుపెట్టారో మాకే తెలియలేదు. పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు. అయినా ఆండాళమ్మ ముహూర్తాల దాకా వెళ్లిపోయింది.

నేను జేబులోంచి ఉంగరం తీశాను. నైలాన్ కడ్డీ నుంచి నేనే తిప్పింది, ఎర్రటిది. స్నేహలత దాన్ని తీసుకుని, పెద్దలందరి ముందూ సంచిలోంచి వెర్నియర్ బయటికి తీసింది. ఒకసారి కొలిచింది. అడ్డంగా తిప్పి మళ్లీ కొలిచింది.

"ఉడకబెట్టినవా?"

"ఉడకబెట్టిన."

"ఎన్ని గంటలు?"

"ఆరు."

బయట వాన మొదలైంది. ఆమె వెర్నియర్ మూసి పక్కన పెట్టి, వేలు చాపింది.